గాయపడ్డ కుర్రాడి ముఖం పేపర్లో వేయాలా, వద్దా? కాలేజీ ఫుట్‌బాల్ ఫొటో మీద చర్చ

సైడ్‌లైన్_చిన్ని:
అందరికీ నమస్తే. నేను మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్ చేస్తూ, మా స్టూడెంట్ పేపర్‌కి ఫొటోలు తీస్తున్నాను. నిన్న శనివారం అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ కవర్ చేశాను. ఒక విషయంలో మీ మాట కావాలి. ఈ రాత్రికి ఎడిటర్‌కి జవాబు చెప్పాలి.

11 గంటలకి కిక్‌ఆఫ్ అయితే ఎనిమిదిన్నరకే వెళ్లి, మైదానం పక్కన కూర్చోడానికి ఇచ్చే ప్రెస్ పాస్, ఫొటోగ్రాఫర్ల వెస్ట్ తీసుకున్నాను. పొద్దున్నుంచీ వాన. నా చేతిలో ఉన్న 400 ఎంఎం లెన్స్ పేపర్‌ది. కొత్తది కొనాలంటే 12 వేల డాలర్ల పైమాటే. ఆటని చూడాలా, లెన్స్‌ని తుడవాలా అన్నట్టు సాగింది. వెనకవాళ్లకి అడ్డం రాకుండా మోకాళ్ల మీదే కూర్చోవాలి. బెంచీల ముందుకి మమ్మల్ని రానివ్వరు. క్వార్టర్ అయిన ప్రతిసారీ లాప్‌టాప్ తెరిచి ఫొటోలు పంపాలి, జెర్సీ నంబరు చూసి కింద పేరు రాయాలి. కాలేజీ ఫుట్‌బాల్లో ఒకే జట్టులో ఇద్దరికి ఒకే నంబరు ఉండొచ్చు, ఒకరు దాడి చేసే అఫెన్స్‌లో, ఒకరు అడ్డుకునే డిఫెన్స్‌లో. పేరు మారిందంటే మర్నాడు సవరణ వేసుకోవాలి. హాఫ్‌టైమ్‌లో నెట్ పోయింది. డెస్క్ నుంచి మెసేజ్ మీద మెసేజ్. ఒకటే టెన్షన్.

మూడో క్వార్టర్ చివర్లో మా రిసీవర్ ఎగిరి బంతి అందుకున్నాడు. కాళ్లు నేలకి ఆనేలోపే అవతలి జట్టు డిఫెండర్ వచ్చి గుద్దాడు. పడినవాడు లేవలేదు. తప్పు జరిగిందని చెప్పే ఫ్లాగ్ రెఫరీలు వేయలేదు. వైద్య సిబ్బంది వచ్చి హెల్మెట్ తీయకుండా, ముందుండే జాలీ మాత్రం విప్పారు. బోర్డు మీద పడుకోబెట్టి, పట్టీలు బిగించి, కార్ట్‌లో తీసుకెళ్లారు. జాలీ విప్పినప్పుడు ముఖం కనిపించింది. కళ్లు తెరిచే ఉన్నాయి, ఏడుస్తున్నాడు. నేను తీశాను.

కాళ్లూ చేతులూ కదుపుతున్నాడని సాయంత్రం యూనివర్సిటీ చెప్పింది. మా ఎడిటర్ ఆ ముఖం ఉన్న ఫొటోనే మొదటి పేజీలో వేద్దామంటోంది. యూనివర్సిటీలో ఆటల వ్యవహారాలు చూసే అథ్లెటిక్స్ ఆఫీసువాళ్లు ఫోన్ చేసి, వేయకపోతే బాగుంటుందన్నారు. వేస్తే నా పాస్ ఏమవుతుందో అనలేదు, కానీ మాట తీరు అర్థమైంది. ఏం చేయమంటారు?

ఫ్రిస్కో_పిన్ని:
ముందు ఏమన్నా తిన్నావా తల్లీ? పిల్లాడికి నయమైతే అదే చాలు.

ఒహాయో_నాన్న:
వేయకమ్మా. అసలు ఇది హిపా ఉల్లంఘన, అదే, రోగుల సమాచారం గోప్యంగా ఉంచాలన్న చట్టం. చికిత్స జరుగుతుంటే అనుమతి లేకుండా ఫొటో తీసి పేపర్లో వేయడం చట్టప్రకారం తప్పు. వాళ్లు కేసు వేస్తే నీ వీసాకే ముప్పు. మా అబ్బాయి కూడా హైస్కూల్లో ఈ ఆట ఆడాడు, నాకు తెలిసే చెప్తున్నాను.

నైట్‌షిఫ్ట్_నర్సు:
హిపా అలాంటిది కాదండీ. 1996 నాటి ఆ చట్టం ఆసుపత్రులు, డాక్టర్లు, ఇన్సూరెన్స్ కంపెనీలు, వాళ్ల కోసం పనిచేసేవాళ్లకే వర్తిస్తుంది. ఫొటోగ్రాఫర్‌కి కాదు. జాలీ విప్పింది మెడకి దెబ్బ తగిలి ఉంటుందన్న అనుమానంతో. హెల్మెట్ లాగితే మెడ కదులుతుంది, అందుకే దాన్ని ఉంచి, ఊపిరికి దారి చేస్తారు.

వీసా_వాచ్:
ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉండి పేపర్‌కి పనిచేయొచ్చా? అది ముందు చూసుకోండి.

సైడ్‌లైన్_చిన్ని:
క్యాంపస్ ఉద్యోగమేనండీ, సెమిస్టర్లో వారానికి 20 గంటల లోపే. ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగే చేరాను. నా ప్రశ్న అది కాదు.

ఓరుగల్లోడు:
చెల్లే, వెయ్యి. నేను ఇక్కడికి రాకముందు మన దగ్గర ఒక దినపత్రికకి ఫొటో స్ట్రింగర్‌ని. నీకో నిజమైన కథ చెప్తా.

1951 అక్టోబర్ 20, ఓక్లహోమాలో స్టిల్‌వాటర్. డ్రేక్ యూనివర్సిటీకి జానీ బ్రైట్ అనే నల్లజాతి కుర్రాడు ఆడుతున్నడు. అవతలి జట్టు ఆయన్ని కొట్టి పడగొట్టాలని చూస్తున్నదని ముందే పుకారు. డి మోయిన్ రిజిస్టర్ పత్రిక ఫొటోగ్రాఫర్లు డాన్ ఉల్టాంగ్, జాన్ రాబిన్సన్ కెమెరాలు ఆయన మీదే పెట్టి కూర్చున్నరు. మ్యాచ్ మొదలైన కొద్ది నిమిషాలకే అవతలి ఆటగాని దెబ్బకి బ్రైట్ దవడ విరిగింది. ఆ ఫొటోలు అచ్చయినయి, 1952లో వాటికి పులిట్జర్ జర్నలిజం బహుమతి వచ్చింది. దవడకి అడ్డుగా జాలీ ఉండాలన్న నియమం ఆ ఘటన తర్వాతే వచ్చింది. ఇయ్యాల వైద్యులు నీ ఎదురుగ విప్పిన జాలీ ఉన్నదే, దాని వెనకాల ఆ ఫొటోలు ఉన్నయి. ఆనాడు అవతలి యూనివర్సిటీ వద్దంటే ఆపేసి ఉంటే ఏమయ్యేది?

అథ్లెటిక్స్ ఆఫీసు ఎందుకు వద్దంటున్నది? పిల్లగాని మీద ప్రేమతోనా? స్టేడియం నిండాలె, టీవీ డబ్బు రావాలె, అందుకు.

ఒహాయో_నాన్న:
నర్సు గారూ, మైదానంలో పనిచేసేవాళ్లు వైద్య సిబ్బందే కదా? వాళ్లు చికిత్స చేస్తున్న చోటు చికిత్సాలయం కాదా? అక్కడి దృశ్యం రోగి సమాచారం కాదా? చట్టం రాసినవాళ్ల ఉద్దేశం చూడండి.

ఓరుగల్లోడు గారూ, 1951 సంగతి ఎందుకు? అది కావాలని చేసిన దాడి, ఇది ఆటలో తగిలిన దెబ్బ.

నైట్‌షిఫ్ట్_నర్సు:
సమాచారం కాపాడే బాధ్యత ఆ సిబ్బందిది. వేలమంది చూస్తున్న మైదానం పక్కన కూర్చున్న అమ్మాయిది కాదు. ఇది మా ట్రైనింగ్‌లో ఏటా చెప్పే విషయం.

కృష్ణాతీరం:
చట్టం పక్కన పెట్టండి. ఇక్కడి ప్రెస్ ఫొటోగ్రాఫర్ల జాతీయ సంఘం నియమావళిలో ఒక మాట ఉంది. మనిషి సొంత దుఃఖంలోకి కెమెరా పోవాలంటే, జనం దాన్ని చూసి తీరాల్సినంత అవసరం ఉండాలి. ఆ అవసరం ఉందా లేదా అన్నదే తేల్చండి. 2023 జనవరి 2న సిన్సినాటిలో ప్రొఫెషనల్ మ్యాచ్ మధ్యలో డమార్ హామ్లిన్ అనే ఆటగాడి గుండె ఆగింది. తోటి ఆటగాళ్లు చుట్టూ గోడలా నిలబడి ఆయన్ని కనపడనివ్వలేదు. మోకరిల్లి ఏడుస్తున్న ఆ ఆటగాళ్ల ఫొటోలే అంతటా వచ్చాయి. ఎంత పెద్ద ప్రమాదమో వాటితోనే అందరికీ తెలిసింది.

ఓరుగల్లోడు:
హామ్లిన్ ఫొటో దొరకలేదు కాబట్టి తోటివాళ్ల ఫొటో వేసిన్రు. దొరికితే వేసేటోళ్లు కాదని ఎట్ల చెప్తవ్?

«ఆటలో తగిలిన దెబ్బ» అని అంత తేలికగ ఎట్ల అంటరు ఒహాయో గారూ? తలతో తలని గుద్దితే టార్గెటింగ్ అంటరు. 2013 నుంచి ఆ తప్పుకి మైదానం నుంచే పంపేస్తున్నరు. చెల్లి ఫ్లాగ్ పడలేదని రాసింది. ఆ ఒక్క మాట మీరెవ్వరూ పట్టించుకోలే.

ఒహాయో_నాన్న:
పంతొమ్మిదేళ్ల పిల్లాడండీ వాడు. అమ్మానాన్నా ఎక్కడో స్టాండ్లో కూర్చుని ఉంటారు. మీకు న్యాయం కావాలంటే రెఫరీల మీద రాయండి. వాడి కన్నీళ్లెందుకు?

ఓరుగల్లోడు:
పిల్లాడా? 2021 జులై నుంచి వాళ్లు తమ పేరు, ముఖం మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. 2025 నుంచి యూనివర్సిటీలే నేరుగా డబ్బిస్తున్నయి. మొదటి ఏడాదికి ఒక్కో యూనివర్సిటీకి పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. గెలిచినప్పుడు నవ్వే ముఖం అమ్ముకోవచ్చు, దెబ్బ తిన్నప్పుడు చూపొద్దా?

ఫ్రిస్కో_పిన్ని:
డబ్బు తీసుకుంటే నొప్పి ఉండదా బాబూ? అదేం మాట.

ఒహాయో_నాన్న:
ఇలా మాట్లాడేవాళ్లకి పిల్లలు ఉండరు. ఉంటే ఆ మాట రాదు. మీ స్ట్రింగర్ బుద్ధి పోలేదు, శవం దొరికితే చాలు పండగ.

ఓరుగల్లోడు:
శవం మాట మీరు ఎత్తిన్రు కాబట్టి చెప్తున్న. ఒక ప్రైవేటు హాస్టల్లో గోడ కూలి పిల్లలకి దెబ్బలు తగిలితే అందరికంటె ముందు నేనే పోయిన. ఇటుకల మధ్య సిమెంటు ఎంత తక్కువ ఉన్నదో ఫొటోలో కనబడుతున్నది. మా డెస్క్ «పిల్లల తల్లిదండ్రులు బాధపడుతరు» అని ఆపేసింది. ఆ వారమే ఆ హాస్టల్ యజమాని యాడ్ ఫుల్ పేజీ వచ్చింది. తల్లిదండ్రుల బాధ పేరు చెప్పి ఎవరిని కాపాడుతరో అప్పుడు తెలిసింది నాకు. ఇప్పుడు చెల్లికి ఫోన్ చేసిన ఆఫీసు కూడ అదే మాట అంటున్నది.

మీ కొడుకుని ఆ ఆటలోకి పంపింది మీరు. నా బుద్ధి సంగతి మీకెందుకు?

వీసా_వాచ్:
మాటలు జాగ్రత్త. మోడరేటర్లు ఈ చర్చ మూసేస్తారు.

ఒహాయో_నాన్న:
అవును, పంపింది నేనే. వాడికి ఇష్టం, పంపాను. నేను ఎందుకింత గట్టిగా అంటున్నానో ఇప్పుడు వినండి.

మావాడికి మోకాలు తిరిగినప్పుడు ఊరి పేపర్ ఫొటోగ్రాఫర్ ఒకాయన తీశాడు. నేల మీద మావాడు నోరు తెరిచి అరుస్తున్నాడు. వెనకాల గీత అవతల నేను, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను. తల్లిదండ్రులు గీత దాటకూడదని స్కూలు నియమం. కోచ్ నాకు చెయ్యెత్తి ఆగమన్నాడు, ఆగాను. అది ఫొటోలో లేదు. మేము ఆసుపత్రి నుంచి ఇంటికి రాకముందే అది ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి, తెనాలి చేరింది. మా అక్క ఫోన్ చేసి మొదట అడిగింది వాడి కాలు గురించి కాదు. «నువ్వట్లా చూస్తూ నిలబడ్డావేంట్రా» అంది. మా ఆవిడ తరఫువాళ్లు ఇప్పటికీ అంటారు. నేనేం చెప్పినా ఆ ఫొటో ముందు నిలవలేదు.

చట్టం ఒప్పుకుంటుందో లేదో నర్సు గారు చెప్పారు, సరే. నా బాధ చట్టం కాదు. సెకనులో వెయ్యో వంతు తీసి «ఇదీ జరిగింది» అంటే దాన్ని కాదనే దారి ఆ ఇంట్లోవాళ్లకి ఉండదు.

నైట్‌షిఫ్ట్_నర్సు:
అయ్యో. ఇది ముందే చెప్పాల్సిందండీ.

ఓరుగల్లోడు:
అన్నా, కొడుకుని ఆటకి పంపిన్రన్న మాట నేను అనొద్దుండె.

కానీ మీరు ఇప్పుడు చెప్పింది ఫొటో వేయొద్దనడానికి కారణం కాదు, ఒకే ఫొటో వేయొద్దనడానికి కారణం. నేను చెప్పిన 1951 ఫొటోలు వరసగ తీసినయి. బంతి వేరే వాని చేతికి పోయి, ఆట అటు నడుస్తుంటే, ఇటు బంతి లేని బ్రైట్ ముఖం మీద దెబ్బ పడ్డది అని ఆ వరసలో కనబడుతుంది. విరిగిన దవడ ఒక్కటే వేస్తే, మీరన్నట్టే, ఆటలో తగిలింది అని కొట్టిపారేసేటోళ్లు. వరస ఉన్నది కాబట్టి వాదించడానికి వీలు లేకపోయింది. అంత ఉన్నా, కొట్టినవాని యూనివర్సిటీ క్షమాపణ చెప్పింది 2005లో.

మీ ఫొటోలో కోచ్ చెయ్యెత్తిన ఫ్రేము ఆ ఫొటోగ్రాఫర్ దగ్గర ఉండే ఉంటది. వేయలేదు. చెల్లే, గుద్దినప్పటి ఫ్రేములు నీ దగ్గర ఉన్నయా?

సైడ్‌లైన్_చిన్ని:
ఉన్నాయన్నా. నా కెమెరా సెకనుకి 12 తీస్తుంది. బంతి అందుకున్నప్పటి నుంచి పడేదాకా వరసగా ఉంది. మీరడిగాక మళ్లీ పెద్దది చేసి చూశాను. ఒకదాంట్లో డిఫెండర్ తల వంచి ఉన్నాడు, హెల్మెట్ పైభాగం మా రిసీవర్ హెల్మెట్ పక్కకి తగులుతోంది. తర్వాతి ఫ్రేములో మెడ తిరిగి ఉంది. వీటిలో రిసీవర్ ముఖం కనపడదు, నంబరు కనపడుతుంది. మ్యాచ్ హడావిడిలో డెస్క్‌కి పంపినవి అయిదారే, అందుకే ఎడిటర్ వీటిని చూడలేదు.

కృష్ణాతీరం:
జనం చూసి తీరాల్సింది ఇదే కదా. ఫ్లాగ్ పడని దెబ్బ.

ఒహాయో_నాన్న:
ఆ వరస వేయమ్మా. దానికి నా అభ్యంతరం లేదు. ఏడుస్తున్న ముఖం మాత్రం వద్దు. వేయక తప్పదంటే, ముందు వాళ్లమ్మకి కబురు చేసి, ఏం వేస్తున్నారో చెప్పి వేయండి. పేపర్లో చూసి తెలుసుకోవాల్సిన గతి పట్టకూడదు.

ఓరుగల్లోడు:
కబురు చెయ్యమనండి, ఒప్పుకుంట. అనుమతి అడగమంటే ఒప్పుకోను. ముఖం కూడ లోపలి పేజీలో చిన్నగ ఉండాలె. హెల్మెట్‌కి హెల్మెట్ తగిలిన ఫొటోలు ఈ దేశంలో ప్రతి శనివారం వస్తయి, ఎవరూ ఆగి చూడరు. ఆ దెబ్బ ఎవరికి తగిలిందో తెలిస్తేనే ఆగుతరు.

ఒహాయో_నాన్న:
అక్కడే మీకూ నాకూ కుదరదు. ఎవరికి తగిలిందో నంబరు చెప్తుంది.

ఓరుగల్లోడు:
నంబరుకి నొప్పి పుట్టదన్నా.

సైడ్‌లైన్_చిన్ని:
గుద్దిన ఫ్రేములు నాలుగు ఎడిటర్‌కి పంపాను. మొదటి పేజీకి అవే ఉండాలని, కుటుంబానికి మేమే ముందు చెప్పాలని రాశాను. అథ్లెటిక్స్ ఆఫీసు ఫోన్ సంగతి మా పేపర్ సలహాదారుకి కూడా తెలియజేశాను, పాస్ విషయం వాళ్లు మాట్లాడతామన్నారు. ముఖం ఫొటో లోపలి పేజీలో వేయాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. పది గంటలకి డెస్క్‌లో కూర్చుంటున్నాం. ఎడిటర్ వేద్దామనే అంటోంది. నేను వద్దనే చెప్పబోతున్నాను.