కేబుల్ తీసేస్తే నిజంగా డబ్బు మిగులుతుందా?

గోదారిగట్టు:
రాజమండ్రిలో మా కేబుల్ బిల్లు నెలకి 380. బ్రాడ్‌బ్యాండ్ ఎలాగూ ఉంది, పన్నుతో కలిపి 471. మేమిద్దరం ఫోన్లలోనే చూసుకుంటాం, కేబుల్ అమ్మ ఒక్కర్తే చూస్తుంది. తీసేద్దామనుకుంటున్నా. తీసేసినవాళ్లు చెప్పండి, లాభమేనా?

నైట్‌షిఫ్ట్:
కళ్లు మూసుకుని తీసేయండి. మేం తీసేసి రెండేళ్లయింది. అమెజాన్ ప్రైమ్ ఏడాదికి 1499, అంటే నెలకి 125. ఇంకోటి తీసుకున్నా మీ 380 దాటదు. గాలివానకి డాబా మీద వైరు తెగిందని కేబుల్ అబ్బాయికి పదిసార్లు ఫోన్ చేసే పనీ లేదు.

పప్పుచారు:
బ్రో, మీ ఇంట్లో సీరియల్స్ చూసేవాళ్లు లేరని అర్థమైంది. స్టార్ మాకి జియోహాట్‌స్టార్, జీ తెలుగుకి జీ5, జెమినికి సన్ నెక్స్ట్, ఈటీవీకి ఈటీవీ విన్. నాలుగు ఛానళ్లకి నాలుగు యాప్‌లు, నాలుగు పాస్‌వర్డ్‌లు. డబ్బు కట్టినా యాడ్స్ తప్పవు. ప్రైమ్‌లో 2025 జూన్ నుంచి వేస్తున్నారు, వద్దంటే నెలకి ఇంకో 129.

మా అత్తగారికి నేర్పించడానికి వారం తంటాలు పడ్డాను. యాప్ తెరవగానే "ఎవరు చూస్తున్నారు?" అని అడుగుతుంది కదా. "నేనేనమ్మా, ఇంకెవరున్నారు ఇంట్లో" అని టీవీకి జవాబు చెప్పి, రిమోట్ నా చేతిలో పెట్టేసేవారు. మూడో నెలలో మళ్లీ కేబుల్ పెట్టించాం.

డల్లాస్‌బాబాయ్:
ఇక్కడ అమెరికాలో మేం కేబుల్ వదిలి, నెట్‌లోనే టీవీ ఛానళ్లు చూపించే యూట్యూబ్ టీవీకి మారాం. 2017లో మొదలైనప్పుడు నెలకి 35 డాలర్లు, 2025 జనవరికి 82.99. ముందు అలవాటు చేస్తారు, తర్వాత పెంచుతారు. అక్కడా అదే జరుగుతుంది, చూస్తూ ఉండండి.

నైట్‌షిఫ్ట్:
కేబుల్ మాత్రం పెరగలేదా బాబాయ్? ఛానళ్ల ధర కాకుండా కనెక్షన్‌కి వేసే నెట్‌వర్క్ ఫీజు నెలకి 130 దాటకూడదని, టీవీ రూల్స్ పెట్టే ప్రభుత్వ సంస్థ ట్రాయ్ 2019లో అమల్లోకి తెచ్చిన పరిమితిని 2024లో ఎత్తేశారు. ఓటీటీ అయితే ఐపీఎల్ అయిపోగానే నేను రీచార్జ్ ఆపేస్తా. కేబుల్ అలా రెండు నెలలు ఆపి చూడండి, బాక్స్ పట్టుకుపోతారు.

లెక్కలమాస్టారు:
గోదారిగట్టు గారూ, తీసేసే ముందు ఒక్కటి చెయ్యండి. ప్యాక్ వద్దని, అమ్మగారు చూసే నాలుగు ఛానళ్లే విడిగా అడగండి. అలా ఎంచుకునే హక్కు మనకుంది. పాత లెక్కనే వేసుకుంటే ఫీజు 130, ఛానల్‌కి 19 చొప్పున 76. జీఎస్టీ 18 శాతం కలిపితే 243. ఏ యాప్ పెట్టకుండానే 137 మిగులుతుంది.

గోదారిగట్టు:
మాస్టారూ, ఇవాళ పొద్దున్నే అడిగాను. "విడిగా ఇవ్వం సార్, ప్యాకే" అన్నాడు. ట్రాయ్ రూల్ ఉందన్నాను. "అయితే ట్రాయ్ వాళ్లనే వచ్చి వైరు లాగమనండి" అన్నాడు. ఇంతలో లోపల్నుంచి అమ్మ, "వాడితో గొడవెందుకురా, సాయంత్రం సీరియల్ ఉంది" అంది.

380 కట్టేశాను.