సంయుక్త విన్యాసాలా, సంయుక్త అభ్యాసాలా?

పదసంచి:
మన బలగాలు ఇతర దేశాలతో కలిసి చేసే మలబార్ అయినా, మిలన్ అయినా, టైగర్ ట్రయంఫ్ అయినా మన పత్రికల్లో అన్నీ ‘సంయుక్త విన్యాసాలే’. విశాఖ ఆర్.కె. బీచ్‌లో నేవీ జనానికి చేసి చూపించేవీ విన్యాసాలే, సూర్యకిరణ్ విమానాలు ఆకాశంలో కొట్టే పల్టీలూ విన్యాసాలే. ఎక్సర్‌సైజ్, మనూవర్, డెమాన్‌స్ట్రేషన్ మూడు వేరువేరు పనులు కదా. మన పదాల పట్టికలో వేరు మాటలు పెట్టుకోవద్దా?

తీరంగట్టు:
తప్పకుండా పెట్టుకోవాలండి. విన్యాసం అంటే ఒక క్రమంలో అమర్చడం. పదవిన్యాసం అంటాం చూడండి, అదే అర్థం. బలగాలను ఒక తీరున కదిపి, మోహరించే మనూవర్‌కి అది సరిగ్గా అతికే మాట. దాన్నే ఎక్సర్‌సైజ్‌కీ వాడేస్తే ఒప్పందాలు అనువదించేటప్పుడు ఇరుక్కుపోతాం.

1986-87లో రాజస్థాన్‌లో మన సైన్యం ‘బ్రాస్‌టాక్స్’ జరిపింది. అది దాడికి సన్నాహమేమోనని పాకిస్తాన్ అనుమానించింది, రెండువైపులా సేనలు సరిహద్దుకు చేరాయి. అలాంటి పరిస్థితి మళ్లీ రాకూడదని 1991 ఏప్రిల్ 6న న్యూఢిల్లీలో ఒక ఒప్పందం చేసుకున్నారు. దాని పేరులోనే ఎక్సర్‌సైజులు, మనూవర్లు, ట్రూప్ మూవ్‌మెంట్లు అని మూడున్నాయి. మొదటిదానికే ‘విన్యాసాలు’ రాసేస్తే రెండోదానికి ఏం రాస్తాం? ‘సైనిక అభ్యాసాలు, విన్యాసాలు, సేనల కదలికలు’ అంటే మూడూ నిలబడతాయి.

ఈ తేడా పండితుల పట్టింపు అనుకోకండి. ఆ ఒప్పందం ప్రకారం డివిజన్ (వేల మంది సైనికులున్న దళం) స్థాయి అభ్యాసమైతే 15 రోజులు, కోర్ (కొన్ని డివిజన్లు కలిసిన దళం) స్థాయిదైతే 30, అంతకు మించినదైతే 60 రోజుల ముందు అవతలి దేశానికి రాతపూర్వకంగా తెలపాలి. కోర్ స్థాయివి సరిహద్దుకు 45 కిలోమీటర్ల లోపు, డివిజన్ స్థాయివి 25 కిలోమీటర్ల లోపు జరపకూడదు. 1996లో చైనాతో కుదిరిన ఒప్పందంలో లెక్క వేరు. వాస్తవాధీన రేఖ దగ్గర్లో ఒక డివిజన్‌ను, అంటే సుమారు 15,000 మందిని, మించిన అభ్యాసాలు వద్దన్నారు. ఒక బ్రిగేడ్ గ్రూపు, అంటే సుమారు 5,000 మంది దాటితే ముందుగా చెప్పాలి. ఏ మాట కింద ఏది వస్తుందన్నదాన్ని బట్టే ఇక్కడ దేశాల బాధ్యత మారుతుంది.

అచ్చుబల్ల:
మీ వాదన ఒప్పుకుంటాను గానీ, ‘అభ్యాసం’ అనగానే తెలుగు పాఠకుడికి పాఠం చివరి ప్రశ్నలే గుర్తొస్తాయి. ‘విన్యాసాలు’ దశాబ్దాలుగా వాడుకలో పాతుకుపోయిన మాట. దాన్ని పెకలించడం కష్టం, అక్కర్లేదు కూడా. శీర్షికలో ‘విన్యాసాలు’ ఉంచి, వార్త లోపల తేడా చూపిస్తే సరిపోదా?

తీరంగట్టు:
వార్తకు సరిపోతుందండి. ఒప్పందాలు, పాఠ్యపుస్తకాలు, పోటీ పరీక్షల పుస్తకాలకు మాత్రం సరిపోదు. ఒంటరిగా ‘అభ్యాసం’ అనకుండా ‘సైనిక అభ్యాసం’, ‘నౌకాదళ అభ్యాసం’ అని రాస్తే మీరన్న బడివాసన పోతుంది.

లంగరు:
శీర్షికల్లో ఎక్కువగా దొర్లే తప్పులు ఇంకొన్ని ఉన్నాయి. మిలన్ 2022లోనూ 2024లోనూ విశాఖలోనే జరిగింది. దానికి హార్బర్ దశ, సముద్ర దశ అని రెండుంటాయి. మొదటి దశలో ఓడలు రేవులోనే ఉంటాయి. సదస్సులు, ప్రణాళిక సమావేశాలు, నగర కవాతు అప్పుడే. మొదటి రోజే ‘సాగరంలో విన్యాసాలు ప్రారంభం’ అని రాస్తే అబద్ధమవుతుంది. ‘మిలన్ ప్రారంభం, ఓడలు సముద్రంలోకి వెళ్లేది ఫలానా రోజున’ అని రాయాలి.

టైగర్ ట్రయంఫ్‌కు ‘యుద్ధ విన్యాసాలు’ అసలు పనికిరాదు. 2019 నవంబరులో విశాఖ, కాకినాడల్లో భారత్, అమెరికా త్రివిధ దళాలు కలిసి చేసింది విపత్తు సహాయ అభ్యాసం. ఓడల్లోంచి మనుషుల్నీ సరంజామానీ ఒడ్డుకు దించడం, సహాయ శిబిరం, వైద్య శిబిరం నడపడం అందులో పనులు. తుఫాను తీరంలో బతికే మనకు ఆ మాట సరిగ్గా చేరాలి.

‘లైవ్ ఫైరింగ్’ని ‘ప్రత్యక్ష కాల్పులు’ అంటున్నారు. ప్రత్యక్ష ప్రసారానికి వాడే మాట అది. ఇక్కడ అర్థం ‘అసలు గుళ్లతో కాల్పులు’.

‘రిప్లెనిష్‌మెంట్ ఎట్ సీ’కి ‘సముద్రంలో భర్తీ’ అన్నది మరీ అన్యాయం. భర్తీ అంటే ఉద్యోగాలు అనుకుంటారు. రెండు ఓడలు పక్కపక్కన, కొన్ని పదుల మీటర్ల ఎడంలో, ఒకే వేగంతో సాగుతుండగా తాళ్లు, గొట్టాలు వేసి ఇంధనం అందించే పని అది. రెండింటి మధ్య ఇరుకులో నీటి ఒత్తిడి మారి ఓడలు ఒకదానివైపు ఒకటి లాగబడతాయి. చుక్కాని పట్టినవాడు ఏమరితే ఢీకొంటాయి, ఎడం పెరిగితే గొట్టం తెగుతుంది. వేర్వేరు దేశాల ఓడలైతే గొట్టాల అమరికలు, సంకేతాలు ముందే కుదరాలి. కలిసి అభ్యాసం చేసేది ఇందుకే. ‘నడిసముద్రంలో ఇంధన సరఫరా’ అంటే అందరికీ అర్థమవుతుంది.

పదసంచి:
‘పాసెక్స్’కి ఏమంటారు?

లంగరు:
అది పాసేజ్ ఎక్సర్‌సైజ్‌కి పొట్టిపేరు. రెండు నౌకాదళాల ఓడలు ఒకే దారిలో తారసపడ్డప్పుడో, ఒకరి రేవు నుంచి మరొకరు బయల్దేరినప్పుడో కొన్ని గంటలు కలిసి చేసేది. మలబార్‌లా నెలల తరబడి ప్రణాళిక వేసే వ్యవహారం కాదు. ‘మార్గమధ్య అభ్యాసం’ అనండి. దాన్ని ‘భారీ సంయుక్త విన్యాసాలు’ చేసేస్తే లేని దౌత్య సంకేతం ఉన్నట్టవుతుంది.

అచ్చుబల్ల:
పేర్ల విషయంలోనూ జాగ్రత్త. మలబార్ అన్నది 1992 నుంచి ఉన్న అభ్యాసం పేరే తప్ప అది జరిగే చోటు కాదు, 2024 అక్టోబరులో జరిగింది విశాఖలో. ‘కేరళ తీరంలో’ అని చేర్చకండి. ‘మిలన్’కి దీర్ఘం ఇచ్చి ‘మిలాన్’ అంటే ఇటలీ ఊరవుతుంది. మాల్దీవులతో జరిగే ‘ఏకువెరిన్’ ధివేహీ మాట, మిత్రులు అని అర్థం. దాన్ని ‘ఏకవీర’ అని దిద్దేయకండి. సింబెక్స్ సింగపూర్‌తో జరిగేది, పొడి అక్షరాల పేరు, అనువదించనక్కర్లేదు.

పదసంచి:
అయితే పట్టికలో ఇలా ఎక్కిస్తున్నాను: ఎక్సర్‌సైజ్ – సైనిక అభ్యాసం, మనూవర్ – విన్యాసం, డెమాన్‌స్ట్రేషన్ – ప్రదర్శన, డ్రిల్ – కవాతు. ఫ్లీట్ రివ్యూకి ‘నౌకాదళ సమీక్ష’ వాడుకలో ఉంది గానీ, సమీక్ష అంటే గదిలో సమావేశం అనిపిస్తోంది. 2022 ఫిబ్రవరిలో విశాఖలో అప్పటి రాష్ట్రపతి ఓడలో వెళ్తూ, వరసలు తీరిన నౌకల వందనం అందుకున్నారు. దీనికి ఇంకా మంచి మాట ఎవరికైనా తడితే రాయండి.