పిల్లవాడి మోచేయి దెబ్బతింటే 108 వచ్చేలోపు ఏం చేయాలి?

ప్రశ్న – వ్యాయామ ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా

మా ప్రాథమికోన్నత పాఠశాల పట్టణానికి దూరంగా ఉంది. 108 వాహనం రావడానికి అరగంటకు పైగా పడుతుంది. ఇటీవల మూడో తరగతి పిల్లవాడు జామచెట్టు మీది నుంచి అరచేయి నేలకు ఆనించి పడ్డాడు. మోచేయి చూస్తుండగానే వాచిపోయింది. చుట్టూ చేరిన పెద్దలలో ఒకరు నూనె రాసి తోమమన్నారు, ఒకరు చేయి లాగి సరిచేస్తామన్నారు, మరొకరు గట్టిగా గుడ్డ చుట్టి నేరుగా పుత్తూరు తీసుకెళ్లమన్నారు. ఆ అరగంటలో ఉపాధ్యాయులుగా మేము ఏం చేయాలో, ఏం చేయనివ్వకూడదో అనుభవజ్ఞులు చెప్పగలరా?

జవాబు 1 – ఎముకల వార్డు నర్సు

అయ్యా, ఆ మూడు సలహాలలో ఏదీ పాటించకండి. అయిదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు అలా పడినప్పుడు మోచేతికి కాస్త పైన, భుజపు ఎముక పలచబడే చోట విరగడం చాలా ఎక్కువ. చేతికి రక్తం తీసుకెళ్లే ప్రధాన ధమని, వేళ్లను ఆడించే నరాలు సరిగ్గా అక్కడి నుంచే పోతాయి కనుక, విరిగిన మొనను లాగినా తోమినా అది వాటిని గుచ్చవచ్చు.

చేయి ఏ వంపులో ఉందో ఆ వంపులోనే ఉంచి, మందపాటి అట్టనో మడిచిన వార్తాపత్రికల కట్టనో భుజం దగ్గర నుంచి మణికట్టు దాకా ఆసరాగా పెట్టి, వాచిన చోటును వదిలి పైనా కిందా వదులుగా కట్టండి. మెడకు జోలె వేయడం కోసం మోచేతిని బలవంతంగా మడవకండి. వాపు పెరిగాక తీయడం కష్టమవుతుంది కనుక కడియం, వాచీ, మణికట్టుకు కట్టిన తాడు ముందే తీసేయండి. మంచును గుడ్డలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టవచ్చు. మత్తు ఇచ్చి ఎముక సరిచేయవలసి రావచ్చు కాబట్టి తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి. ఏడుస్తున్నాడని బిస్కట్టు పెట్టేవాళ్లు ప్రతిచోటా ఉంటారు, వారిని ఆపడం కూడా మీ పనే.

కట్టు కట్టక ముందూ, కట్టిన తరువాతా మణికట్టు దగ్గర నాడి చూడండి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి, వేళ్లు కదలాలి, తాకితే స్పర్శ తెలియాలి. కట్టిన తరువాత ఇవి తగ్గితే కట్టు వెంటనే వదులు చేయండి. చేయి తెల్లబడి చల్లగా ఉంటే ఆ మాట 108 సిబ్బందికి ముందే చెప్పి, ఎముకల శస్త్రవైద్యుడు ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమని అడగండి. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వస్తే దాన్ని లోపలికి నెట్టకుండా శుభ్రమైన గుడ్డ కప్పండి. అలాంటి గాయానికి యాంటీబయాటిక్ ఎంత త్వరగా పడితే అంత మేలు.

జవాబు 2 – పుత్తూరు ప్రాంతవాసి

మా ఊరి కట్టు మీద నమ్మకంతో ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో కట్టే ఆ పద్ధతిని నేను చిన్నచూపు చూడను. ఎముక పక్కకు జరగకుండా బీట మాత్రమే వారినప్పుడు, కదలకుండా ఉంచిన ఏ కట్టుతోనైనా అది సాధారణంగా అతుక్కుంటుంది. అయితే పిల్లల మోచేతి విషయంలో నేనూ ఆసుపత్రికే వెళ్లమంటాను. అక్కడ ఎముక జరిగితే మత్తులో సరిచేసి సన్నని తీగలు గుచ్చి నిలపవలసి ఉంటుంది. ప్రకాశం జిల్లా నుంచి మా ఊరు చేరేసరికి గంటలు గడిచిపోతాయి, రక్తం అందని కండరం అంతసేపు ఓర్చుకోలేదు.

ప్రశ్న వేసినవారు

ధన్యవాదాలు. ఆసుపత్రిలో కట్టు వేయించాక కూడా ప్రమాదం ఉంటుందా? కబడ్డీలో చీలమండ మెలిపడినప్పుడు అది బెణుకో, ఎముక విరిగిందో మాకు ఎలా తెలుస్తుంది?

జవాబు 3 – ఫిజియోథెరపిస్టు

ఉంటుంది. బిగుతు కట్టు కింద, లేదా కట్టు లేకుండానే లోపలి వాపు వల్ల, ముంజేతి కండరాలకు రక్తం ఆగిపోవచ్చు. ఆ తరువాత వేళ్లు గోళ్ల పట్టులా శాశ్వతంగా ముడుచుకుపోయే వైకల్యాన్ని జర్మన్ శస్త్రవైద్యుడు రిచర్డ్ ఫాన్ ఫోల్క్‌మన్ 1881లోనే వివరించారు. సుమారు ఆరు గంటలు దాటితే ఆ నష్టాన్ని ఇక పూడ్చలేం. మందు వేసినా నొప్పి పెరుగుతూ పోవడం, ముడిచిన వేళ్లను మరొకరు మెల్లగా చాపితే పిల్లవాడు కేక పెట్టడం దాని తొలి గుర్తులు. నాడి చేతికి తగులుతోందని ధైర్యపడకూడదు, ఎందుకంటే నాడి పోవడం చాలా ఆలస్యంగా కనిపించే లక్షణం. రాత్రి రెండు గంటలైనా వెనక్కి వెళ్లి కట్టు విప్పించుకోవలసిందే. తల్లిదండ్రులు దీన్ని మారాం అనుకుని తెల్లవారే దాకా ఆగుతారు, నాకు బాధ కలిగించేది అదే.

మరొక మాట: కట్టు తీశాక మోచేయి వంగడం లేదని నూనెతో తోమించకండి. అక్కడి కండరంలోనే ఎముక పెరిగి కీలు బిగుసుకుపోవచ్చు. పిల్లవాడు తనంతట తాను మెల్లగా ఆడించుకోవడమే సరైన వ్యాయామం.

చీలమండ విషయంలో, దెబ్బ తగిలిన వెంటనే కుంటుతూనైనా నాలుగు అడుగులు వేయలేకపోతే, లేదా చీలమండకు లోపలా, వెలుపలా పొడుచుకొచ్చిన ఎముకల వెనుక అంచును నొక్కితే నొప్పి ఉంటే, ఎక్స్‌రే తీయించాలి. లేకపోతే క్రేప్ బ్యాండేజీ చుట్టి, కాలు దిండు మీద ఎత్తుగా పెట్టి, నొప్పి తగ్గే దాకా ఆట మాన్పిస్తే చాలు.