చిల్లర్ 25 అంటోంది, ట్యాంక్ 27 అంటోంది: మెషిన్ మార్చాలా?

పగడాల తోట: నా అక్వేరియం నీళ్లు చల్లబరిచే చిల్లర్ డిస్‌ప్లే మీద 25.0 కనిపిస్తోంది. ట్యాంక్‌లో పెట్టిన డిజిటల్ థర్మామీటర్ మాత్రం 27 దగ్గరే ఉంటోంది. మెషిన్ మార్చేయాలా, సెట్టింగ్ 23కి దించి వదిలేయాలా? కోరల్స్ (పగడాలు) ఉన్న ట్యాంక్, అందుకే ఇంత టెన్షన్.

వేగుచుక్క: మార్చేయండి. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో తెలియని మెషిన్ వాటినేం చల్లబరుస్తుంది? పైగా పాయింటు తర్వాత అంకె కూడా చూపిస్తారు. 25.0 అని కనిపిస్తే ఎవరైనా అంత కచ్చితంగా కొలుస్తోందనే నమ్ముతారు. సెన్సర్ ఒక డిగ్రీ అటూ ఇటూ ఉండొచ్చని మాన్యువల్‌లో ఏ మూలో రాసి చేతులు దులుపుకుంటే ఒప్పుకోకూడదు.

నీటిపిట్ట: వేగుచుక్క గారూ, పాయింటు తర్వాతి అంకె గురించి మీరన్నది నిజమే. కానీ మెషిన్ మార్చమనడం తొందరపాటు. డిస్‌ప్లే చూపించేది చిల్లర్ లోపల సెన్సర్‌ని తాకే నీటి ఉష్ణోగ్రత. ట్యాంక్ నీళ్లూ అంతే ఉండాలంటే ఫ్లో బాగుండాలి.

లెక్క చూడండి. చిల్లర్ నీటిలోంచి 300 వాట్ల వేడి లాగుతోందనుకుందాం. గంటకు 1000 లీటర్లు పారితే లోపలికెళ్లే నీటికీ బయటికొచ్చే నీటికీ తేడా పావు డిగ్రీ. ఫిల్టర్ మూసుకుపోయి 100 లీటర్లే వస్తుంటే అది రెండున్నర డిగ్రీలు దాటుతుంది. సెన్సర్ చల్లబడిన నీటి వైపు ఉంటే, అక్కడ 25 రాగానే కంప్రెసర్ ఆగిపోతుంది. ట్యాంక్ 27లోనే ఉండిపోతుంది. ఇందులో సెన్సర్ తప్పేమీ లేదు.

తోట గారూ, సెట్టింగ్ 23కి దించొద్దు. రేపు ఫిల్టర్ కడిగి ఫ్లో పెరిగితే ట్యాంక్ నిజంగానే 23కి పడిపోతుంది. ముందు ఒక పరీక్ష చేయండి. సెట్టింగ్ పెంచి కంప్రెసర్ ఆగేలా చేయండి, పంపు మాత్రం తిరగనివ్వండి. అరగంటయ్యాక రెండు అంకెలూ పోల్చండి. దగ్గరికొస్తే ఫ్లో సమస్య. తేడా అలాగే ఉంటే సెన్సరో థర్మామీటరో తప్పు చూపిస్తోంది.

చేపలమ్మ: అందరూ చిల్లర్‌నే అనుమానిస్తున్నారు, థర్మామీటర్ సరైనదని ఎవరు చెప్పారు? చవక డిజిటల్‌వి కూడా ఒక డిగ్రీ తప్పడం మామూలే. అద్దానికి బయట అంటించే స్టిక్కర్లనైతే అసలు నమ్మొద్దు, గది వేడి కూడా కలిసిపోతుంది. చితక్కొట్టిన ఐస్ గ్లాసు నిండా వేసి, సందులు నిండేంత మంచినీళ్లు పోసి కలిపి, ప్రోబ్ ముంచండి. కాసేపటికి 0 దగ్గర నిలబడాలి. ఉప్పునీళ్లు వాడితే 0 కంటే కిందికి పోతుంది, అవి వద్దు.

వేగుచుక్క: వేలు పోసి కొన్నవాళ్లు ఇంట్లో ఐస్ కొట్టుకుని పరీక్షలు చేసుకోవాలా? సెన్సర్ నీళ్లు వచ్చే వైపుందో పోయే వైపుందో, కనీస ఫ్లో ఎంతో డబ్బా మీదే రాస్తే ఈ చర్చే ఉండదు కదా.

రిపేర్ బల్ల: రాయాలి, ఒప్పుకుంటాను. ఫ్లో బాగున్నా తేడా ఉంటే సెన్సర్ సంగతి చూడాలి. ఎక్కువగా వాడే రకం 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు చూపిస్తుంది, వేడి పెరిగితే రెసిస్టెన్స్ తగ్గుతుంది, డిగ్రీకి సుమారు 4 శాతం. తేమ దూరితే రెసిస్టెన్స్ తగ్గి ఉన్నదానికంటే వేడిగా చూపిస్తుంది, ట్యాంక్ అతిగా చల్లబడుతుంది. కనెక్టర్ తుప్పు పడితే ఉల్టా: చల్లగా చూపించి కంప్రెసర్‌ని ముందే ఆపేస్తుంది. కోరల్స్‌కి నాకు ఇదే ఎక్కువ భయం. ఈ రెంటినీ ఆఫ్‌సెట్‌తో (రీడింగుకి కొంత కలిపో తీసేసో సరిచేసే సెట్టింగ్) కప్పిపుచ్చొద్దు. లోపం పెరిగే కొద్దీ తేడా కూడా పెరుగుతుంది, సెన్సర్ మార్చాల్సిందే.

పగడాల తోట: ఐస్‌లో థర్మామీటర్ 0.1 చూపించింది. కంప్రెసర్ ఆపి అరగంట నీళ్లు తిప్పాక చిల్లర్ 26.5, ట్యాంక్ 27.1.

నీటిపిట్ట: అంటే ఎక్కువ భాగం ఫ్లోదే. ఫిల్టర్, పైపులు కడగండి. మిగిలిన 0.6కి ఆఫ్‌సెట్ పెట్టుకుని, కొన్ని వారాల తర్వాత మళ్లీ పోల్చండి.

వేగుచుక్క: ఆ 0.6 ఒకటి దాటిన రోజు వారంటీ కాగితం బయటికి తీయండి. ఈలోపు రెండు రీడింగులూ ఫొటో తీసి పెట్టుకోండి.