విండోస్ 10 కి సపోర్ట్ ఆపేయడం న్యాయమేనా? మీ అనుభవాలు చెప్పండి

గుంటూరు_డీటీపీ
మాది చిన్న డీటీపీ సెంటర్. శుభలేఖలు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు, ఇదే పని. మూడు సిస్టమ్‌లూ ఆరో తరం ఐ3లు, ఈ రోజుకీ ఒక్క ఇబ్బంది లేదు. 2025 అక్టోబర్ 14 తో విండోస్ 10 కి ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి, విండోస్ 11 వేద్దామంటే ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ఉండాలట, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలట. మూడు కొత్తవి కొనాలంటే మళ్లీ అప్పు చేయాలి. పాడవని వస్తువుని పక్కన పడేయమనడం నాకు అన్యాయంగానే అనిపిస్తోంది. మీరంతా ఏం చేశారు?

లెక్కల_మాస్టారు
మా హైస్కూల్లో పూర్వ విద్యార్థులు ఇచ్చిన పాత కంప్యూటర్లు తొమ్మిది. అప్‌డేట్లు లేకుండా వైరస్‌లొస్తాయని భయపడి నెట్ తీసేశాం. ఇప్పుడు పిల్లలు పెయింట్, టైపింగ్ నేర్చుకుంటున్నారు, అంతే. ఒక వస్తువు చేతులు మారి మారి చివరికి వచ్చేది మాలాంటి వాళ్ల దగ్గరికే, గడువు తీరేది కూడా సరిగ్గా మా దగ్గర ఉన్నప్పుడే.

కూకట్‌పల్లి_కోడర్
మాస్టారూ, మీ బాధ అర్థమైంది, కానీ రెండో వైపు కూడా చెప్తాను. ఆరేళ్లు పాత వెర్షన్ల మెయింటెనెన్స్ టీమ్‌లో పనిచేశాను. ఒక చిన్న లోపం సరిచేస్తే దాన్ని ప్రతి పాత వెర్షన్ మీదా విడిగా టెస్ట్ చేయాలి, ఒక్క ప్రింటర్ డ్రైవర్ దెబ్బతిన్నా రాత్రంతా టెన్షనే. విండోస్ 10 వచ్చింది 2015 లో, పదేళ్లు చూశారు. ఎప్పటికీ చూడమనడం కూడా సరికాదు.

మ్యూనిక్_నుంచి
బ్రో, ఎప్పటికీ అని ఎవరూ అడగట్లేదు. ప్యాచ్‌లు, అంటే లోపాలు సరిచేసే అప్‌డేట్లు, ఇంకా తయారవుతూనే ఉన్నాయి కదా! సంస్థలు డబ్బు కడితే 2028 అక్టోబర్ దాకా ఇస్తారు, మొదటి ఏడాది ఒక్కో సిస్టమ్‌కి 61 డాలర్లు, తర్వాత ఏటా రెట్టింపు. మెషిన్లలో వాడే ఐఓటీ ఎల్‌టీఎస్‌సీ అనే విండోస్ 10 ఎడిషన్‌కైతే 2032 జనవరి దాకా ఉంది. చేసిన మందుని కొందరికి ఇచ్చి కొందరికి ఇవ్వకపోవడమే నాకు నచ్చనిది. ఇంకోటి, ఇక్కడ యూరప్‌లో వినియోగదారుల సంఘాలు గట్టిగా అడిగాక ఇళ్లలో వాడే వాళ్లకి ఏడాది పాటు ఉచితం చేశారు, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు. నెల్లూరులో మా నాన్నగారు మాత్రం సెట్టింగ్స్ క్లౌడ్‌లో బ్యాకప్ పెట్టాలి, లేదా 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్ పాయింట్లు, లేదా 30 డాలర్లు ఇవ్వాలి. సిస్టమ్ అదే, లోపం అదే. అడిగేవాళ్లు ఉన్నచోట ఒక నియమం, లేనిచోట ఇంకోటి.

పాత_సిస్‌అడ్మిన్
2017 మే నెల, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ వచ్చింది. నేను చూసే ఒక క్లినిక్‌లో స్కానింగ్ మెషిన్ సాఫ్ట్‌వేర్ పాత విండోస్ ఎక్స్‌పీ మీదే నడిచేది, ఇంకో దాంట్లో పనిచేయదు. ఆ వారమంతా దాని నెట్‌వర్క్ కేబుల్ పీకేసి, రిపోర్టులు పెన్‌డ్రైవ్‌లో మోశాం. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి అప్పుడు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనే సపోర్ట్ ఆగింది, అయినా మైక్రోసాఫ్ట్ దానికీ ప్యాచ్ విడుదల చేసింది. అంటే ప్రమాదం అందరి మీదకీ వచ్చినప్పుడు గడువు పక్కన పెట్టగలరు. కానీ నిజం ఇంకోటి కూడా చెప్పాలి, అప్పుడు ఎక్కువగా దెబ్బతిన్నవి విండోస్ 7 సిస్టమ్‌లు, వాటికి మార్చిలోనే ప్యాచ్ వచ్చింది, జనం వేసుకోలేదు. ఇచ్చేవాళ్ల బాధ్యత ఎంతో మన బాధ్యతా అంతే.

మింట్_వాడేవాడు
మాస్టారి గారి బడికి విండోస్ బదులు వేసుకునే ఉచిత సిస్టమ్ లైనక్స్ మింట్ బాగా సరిపోతుంది. మా అమ్మ పాత ల్యాప్‌టాప్‌లో వేశాను, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్‌లో తెలుగు హాయిగా కొడుతోంది. 4 జీబీ ర్యామ్ ఉంటే చాలు, నెట్ కూడా మళ్లీ పెట్టుకోవచ్చు. గుంటూరు అన్నకి మాత్రం చెప్పలేను. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అను ఫాంట్లు అక్కడ కుదరవు.

గుంటూరు_డీటీపీ
అవును తమ్ముడూ, అదే చిక్కు. అను ఫాంట్లలో కొట్టింది అన్ని సిస్టమ్‌లూ చదివే యూనికోడ్ కాదు, పదిహేనేళ్ల ఫైళ్లు ఉన్నాయి, ఏటా అదే వార్షికోత్సవం పత్రిక తెరిచి తేదీ మార్చమంటారు. సరే, ఒక సిస్టమ్‌ని ఆ ఏడాది పొడిగింపులో చేర్చి నెట్‌కి అదొక్కటే ఉంచుతున్నాను. మిగతా రెండూ పూర్తిగా ఆఫ్‌లైన్. ఫైళ్లన్నీ రెండు హార్డ్‌డిస్క్‌ల్లోకి తీశాను. మాస్టారూ, పెయింట్ కాకుండా పిల్లలకి ఇంకేం నేర్పాలనుకుంటున్నారో చెప్పండి, మింట్ వేయడానికి ఆదివారం నేనూ వస్తాను, మీ ఊరు దగ్గరే అయితే.

లెక్కల_మాస్టారు
బాపట్ల దగ్గరండీ. పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్పాలని ఉంది. రండి.