వర్క్ ఫ్రమ్ హోమ్ వల్లేనా హైదరాబాద్‌లో సొంతిల్లు అందకుండా పోయింది?

నిజాంపేట సిస్టర్: నేను స్టాఫ్ నర్సుని. ఐసీయూ డ్యూటీ ఇంట్లో కూర్చుని చేసేది కాదు. 2020 మార్చి నుంచి రోజూ వెళ్లాను, నెలనెలా అద్దె కట్టాను. మా పై పోర్షన్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ జంట ఖాళీ చేసి ఊరెళ్లారు. రెండేళ్లకి తిరిగొచ్చి బాచుపల్లిలో ఫ్లాట్ కొన్నారు. మేమూ అదే ప్రాజెక్టు చూశాం. అప్పటికే పాతిక లక్షలు పెరిగింది.

తెనాలి కోడర్: కారణం అది కాదక్కా. 2020 మే నుంచి 2022 మే దాకా రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ, 4 శాతం. హోమ్ లోన్ 7 శాతం లోపే దొరికింది. 50 లక్షలకు 20 ఏళ్ల ఈఎంఐ 39 వేల లోపు. అందుకే జనం ఎగబడ్డారు. కోకాపేటలో ప్రభుత్వ భూముల వేలం చూడండి. 2021 జులైలో ఎకరం గరిష్ఠంగా 60 కోట్లు, 2023 ఆగస్టులో 100 కోట్లు దాటింది. 2023లో మమ్మల్ని ఆఫీసుకి రమ్మని మెయిల్ మీద మెయిల్. వర్క్ ఫ్రమ్ హోమ్ తగ్గుతుంటే ధర ఎందుకు పెరిగింది?

మాదాపూర్ హాస్టల్: లీజుకు తీసుకుని హాస్టల్ నడిపాను. 90 మందిలో 2020 జూన్‌కల్లా ఆరుగురు మిగిలారు. లీజు డబ్బు మాత్రం కట్టాల్సిందే. ఆ బిల్డింగ్ రేటు ఇప్పుడు రెట్టింపు. అది ఓనర్‌కి. నేను మూసేసి ఊరొచ్చేశాను.

నిజాంపేట సిస్టర్: కోకాపేట ఎకరాలతో నాకేం పని? నేనడిగేది డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ గురించి. బ్యాంకు వడ్డీ నాకూ అంతే చెప్పింది. డౌన్‌పేమెంట్ 20 శాతం ఎక్కడి నుంచి తేను? రెండేళ్లు అద్దె మిగిలినవాళ్ల దగ్గరే అది ఉంది.

తెనాలి కోడర్: వేలం తేదీకి జవాబు లేదన్నమాట. నెలకి 22 వేల అద్దె మిగిలింది, నిజమే. కరెంటు పోతే డాబా మీద ఫోన్ హాట్‌స్పాట్‌తో అర్ధరాత్రి దాకా కాల్స్ మాట్లాడాను. దొంగతనం చేశానా?

ఉప్పల్ వాసి: ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

నిజాంపేట సిస్టర్: దొంగ అని నేననలేదు. మొత్తం ఎన్ని కొన్నారు?

తెనాలి కోడర్: నార్సింగిలో ఉంటున్న ఫ్లాట్. షాద్‌నగర్‌లో 200 గజాల ప్లాట్. 2021లో తెల్లాపూర్‌లో ఇంకో ఫ్లాట్ బుక్ చేశాను. అది తాళం వేసే ఉంది, అమ్మేటప్పుడు ఇబ్బంది లేకుండా. నా ఉద్యోగం ఎప్పుడు ఊడుతుందో తెలీదక్కా. పెన్షన్ లేదు. ఆ ఫ్లాటే నా పెన్షన్.

నిజాంపేట సిస్టర్: నాదీ ప్రైవేటు ఆసుపత్రే తమ్ముడూ, నాకూ పెన్షన్ లేదు. మీరుంటున్న ఇంటి గురించి నాకే బాధా లేదు. నా గొడవంతా ఆ తాళం వేసిన ఇంటి గురించే. మీ పెన్షన్ పెరగాలంటే నేను కొనాల్సిన ఇంటి ధర పెరగాలి. మొన్న మా అద్దె 14 వేల నుంచి 18 వేలు చేశారు. ఇక డౌన్‌పేమెంట్‌కి దాచేదేముంది?

తెనాలి కోడర్: రేపు ఆ ఫ్లాట్ అమ్మేస్తే మీరు కొనగలరా?

నిజాంపేట సిస్టర్: ఎంత?

తెనాలి కోడర్: కోటీ ఇరవై లక్షలు.

నిజాంపేట సిస్టర్: మీరు ఎంతకి బుక్ చేశారు?

తెనాలి కోడర్: డెబ్బై రెండు.