‘కప్పం’, ‘యాసక్’, ‘అమానతు’: యుగ్రా చరిత్రకు ఏ మాట ఎక్కడ?

ప్రశ్న: యూరల్ పర్వతాలకు ఆవలనున్న యుగ్రా ప్రజలు, అంటే నేటి ఖాంతీ, మాన్సీ జాతుల పూర్వికులు, మాస్కోకు ఇచ్చిన బొచ్చుతోళ్లను ‘కప్పం’ అనవచ్చునా? రష్యన్‌లోని ‘అమనాత్’ మన ‘అమానతు’ ఒకటేనా?

సమాధానం: మొదటి ప్రశ్నకు జవాబు కాలాన్ని బట్టి మారుతుందండి. 1465లో ఉత్తర రష్యాలోని ఉస్త్యుగ్ పట్టణం నుంచి వాసిలీ స్క్ర్యాబా నడిపిన దండు కల్పాక్, తెచిక్ అనే ఇద్దరు యుగ్రా దొరలను పట్టి మాస్కోకు తీసుకుపోగా, మాస్కో పాలకుడు మూడవ ఇవాన్ వారి ఏలుబడిని వారికే తిరిగి ఇచ్చి, చెల్లింపు విధించి పంపాడు. ఓడిన దొర తన గద్దె మీదనే ఉండి గెలిచినవాడికి చెల్లించేది కప్పమే కనుక ఇక్కడ ఆ మాట చక్కగా సరిపోతుంది.

1499–1500 శీతాకాలంలో మాస్కో సేనానులు సెమ్యోన్ కూర్బ్‌స్కీ, ప్యోత్ర్ ఉషాతీ, వాసిలీ జబొలోత్స్కీ నాలుగు వేలకు పైగా సైన్యంతో యూరల్ దాటి ల్యాపిన్ పట్టణాన్ని పట్టుకున్నారు. అక్కడి నుంచి సేనానులు రెయిండీర్ల బండ్ల మీద, సైనికులు కుక్కల బండ్ల మీద ముందుకు సాగారని, వెయ్యికి మించి మనుషులను చెరపట్టారని ఆనాటి రష్యన్ రాతలు చెబుతున్నాయి. ఇంత జరిగినా మాస్కో సైన్యం అక్కడ స్థిరంగా నిలవలేదు. అందుచేత దీన్ని ‘ఆక్రమణ’ అనడం నాకు సమ్మతం కాదు. ‘దండయాత్ర’ అనడమే న్యాయం.

1593లో బెర్యోజోవ్, మరుసటి ఏడు సుర్గుత్, ఇలా సైబీరియాలోని ఓబ్ నది పొడవునా రష్యన్ కోటలు వెలిశాక పరిస్థితి మారింది. పన్ను దొరలతో ఆగక వేటాడే ప్రతి మగవాడి మీదా పడింది. దానిని ‘కప్పం’ అంటే ఆ బరువు ఎవరి భుజాల మీద ఉన్నదో పాఠకునికి తెలియదు. బొచ్చుతోళ్లుగా వసూలు చేసిన ఈ పన్నుకు రష్యన్‌లో వాడిన పేరైన ‘యాసక్’నే ఉంచాలి.

రెండవ ప్రశ్నకు, అవును, రెండూ అరబ్బీ ‘అమానత్’ నుంచి వచ్చినవే. మనకు ఉర్దూ ద్వారా చేరి, నమ్మి అప్పగించిన సొమ్మయింది. సైబీరియాలో మాత్రం అది మనిషి: యాసక్ చెల్లించేవరకు కోటలో నిర్బంధించి ఉంచే నాయకుడో, అతని కొడుకో. తోళ్లు తెచ్చిన బంధువులకు అతడిని చూపించి, బతికే ఉన్నాడని నమ్మించేవారు. తెలుగులో ‘అమానతు’ అని మాత్రమే రాస్తే ఆ క్రూరత్వం మరుగున పడిపోతుంది కనుక, ‘పూచీ బందీ’ అని రాయమని నా సూచన.